నీళ్లు తేరుకోవాలంటే
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 అంటే మనకు డోలు, కొమ్ములు, ఆటపాటలు. అవి ఉండాల్సిందే. నేను మాత్రం ఇవాళ బురద గురించి మాట్లాడతాను. నవ్వకండి, మా ఇంటి కథ కూడా అదే.

మా నాన్నకు వాగు పక్కన రెండెకరాల వరి పొలం ఉండేది. ఎగువన ఓపెన్‌కాస్ట్ గని వచ్చింది. బొగ్గు కోసం తవ్వి పోసిన ఓబీ మట్టి గుట్టలా పెరిగింది. ఒక శ్రావణంలో రాత్రంతా వాన కురిసింది. తెల్లారి చూస్తే నాట్లు కనబడలేదు. పొలమంతా బూడిద రంగు మట్టి మేట వేసింది. నాన్న గట్టు మీద కూర్చుని చాలాసేపు నోరు విప్పలేదు. గోదారి తెచ్చే ఒండ్రు పంటకు బలం. ఇది భూమి లోపలి నుంచి తీసిన రాతిపొడి, బంకమన్ను. అందులో సత్తువ ఉండదు. ఆ పొలం మళ్లీ దారికి రావడానికి నాలుగేళ్లు పట్టింది.

అదే వాన పక్కనున్న అడవి గుట్ట మీదా పడింది. అక్కడి నుంచి అంత బురద ఎందుకు రాలేదు? చెట్టు ఆకు చినుకు దెబ్బను కాచుకుంటుంది. రాలిన ఆకు నీళ్లను పీల్చుకుంటుంది. వేరు మట్టిని పట్టుకుంటుంది. కొత్తగా పోసిన ఓబీ గుట్టకు ఈ మూడూ లేవు. ఒక్క ఎకరం మీద 5 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 2 లక్షల లీటర్ల నీళ్లు. అవి అడ్డూ ఆపూ లేకుండా వాలులో దిగితే మట్టిని కోసుకుంటూ వస్తాయి.

మా హాస్టల్ పిల్లలతో ఒకసారి చిన్న ప్రయోగం చేశాను. గాజు సీసాలో గుప్పెడు ఆ మట్టి, నీళ్లు పోసి, బాగా ఊపి కిటికీలో పెట్టాం. ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరింది. సన్న మన్ను దిగడానికి గంటలు పట్టింది. బంకమన్ను మర్నాటికీ నీళ్లలోనే ఉంది. "మేడం, ఇది ఎప్పటికి తేరుకుంటుంది?" అని ఏడో తరగతి పాప అడిగింది. అసలు విషయం ఆ ప్రశ్నలోనే ఉంది. వాగులో కలిశాక బురదను ఎవరూ పట్టలేరు. పుట్టిన చోటే ఆపాలి.

ఎలా ఆపాలి? ఎగువ నుంచి వచ్చే మంచి నీళ్లను తవ్విన నేల మీదికి రాకుండా ముందే పక్కకు మళ్లించాలి. గుట్టను ఒకే వాలుగా కాకుండా మెట్లు మెట్లుగా పోయాలి. పోయడం పూర్తయిన భాగం మీద, ముందే తీసి దాచిన పైమన్ను పరిచి, వెంటనే గడ్డి, వెదురు, మన అడవి చెట్లు పెంచాలి. గుట్ట పాదం దగ్గర రాతి గోడ కట్టాలి. చుట్టూ దండలా కాలువ తీయాలి. దాన్నే గార్లాండ్ డ్రెయిన్ అంటారు. ఆ కాలువ నేరుగా వాగులోకి పోకూడదు. సెటిలింగ్ పాండ్‌లోకి, అంటే నీళ్లు నిలిచి తేరుకునే చెరువులోకి పోవాలి. ఆ చెరువు పూడిపోతే నీళ్లు నిలవవు, పై నుంచి దొర్లిపోతాయి. అందుకే ఎండాకాలంలోనే పూడిక తీయాలి.

మా నాన్న పొలం పైన కాలువ ఉంది, చెరువూ ఉంది. ఆ రాత్రికి రెండూ పూడిపోయి ఉన్నాయి.

ఇవి మన కోరికలు కావు. గనుల పర్యావరణ అనుమతి పత్రాల్లో రాసే షరతులు. ఆ పత్రం కాపీ పంచాయతీకి రావాలి. షరతులు ఎంతవరకు పాటించారో గని యాజమాన్యం ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. ఆ నివేదికలు ఎవరైనా చూడవచ్చు. బొగ్గు గని నుంచి వాగులోకి వదిలే నీళ్లలో లీటరుకు 100 మిల్లీగ్రాములకు మించి మట్టి రేణువులు ఉండకూడదని 2000 నుంచి నిబంధన ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు చదువుకున్నారు. ఆ కాగితాలు తెప్పించి గ్రామసభలో మన భాషలో చదివి వినిపించండి. వాన పడిన రోజు గనికి ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా వాగు నీళ్లు పట్టండి. తేదీ, చోటు రాసి ఫొటో తీయండి. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు రాసేటప్పుడు ఇవి పనికొస్తాయి. గని హద్దు మాత్రం దాటవద్దు. ఆ చెరువుల అంచు బురదలో మనిషి దిగబడిపోతాడు. మీలో కొందరు ఆ గనుల్లోనే డ్రైవర్లుగా, కాంట్రాక్టు కూలీలుగా పనిచేస్తున్నారు. కాలువ పూడిన సంగతి ముందు తెలిసేది మీకే. ముందే చెప్పండి.

వానలకు ముందు మనం విజ్జ పండుం చేసుకుంటాం. విత్తనం సిద్ధంగా ఉందా అని చూసుకుంటాం. ఇక మీదట ఆ రోజుల్లోనే ఇంకో మాట కూడా అడుగుదాం: గుట్ట కింది కాలువ తీశారా? చెరువు పూడిక తీశారా? ఆ రెండు ప్రశ్నలు వేళకు అడిగి ఉంటే మా నాన్న నాట్లు నిలిచేవి.