తాత పేరు ఏ కాగితంలో ఉంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రెండేళ్లుగా మా ముత్తాతను వెతుకుతున్నాను. జనాభా లెక్కల్లో దొరకడా అని చాలామంది అడిగారు. అమెరికావాళ్లు 1950 నాటి లెక్కల కాగితాలను ఇంటింటి పేర్లతో సహా 2022లో బయటపెట్టారు. మనకు ఆ దారి లేదు. హైదరాబాద్ సంస్థానంలో 1881లోనే జనాభాను లెక్కించారు. కానీ మిగిలినవి అంకెలే. మనుషుల పేర్లున్న కాగితాలు ఉంచలేదు. తర్వాతి లెక్కల కాగితాలను 1948 జనగణన చట్టం ప్రకారం ఎవరికీ చూపరు.

జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అప్పటికి కొండాపూర్ పల్లెటూరు. ఎవరెప్పుడు పుట్టారన్నది మంత్రసానికి, ఇంట్లో ముసలివాళ్లకు తెలిసేది. మా తాత వయసు గురించి ఇంట్లో మిగిలింది ఒక్క మాట: మూసీ తుగ్యానీ నాటికి పశువులు కాసేవాడట. ఆ వరద వచ్చింది 1908 సెప్టెంబరు 28న. పశువులు కాసే పిల్లవాడంటే పదేళ్లు వేసుకోండి. 1898కి అటూ ఇటూ పుట్టి ఉంటాడు.

ఆయన పేరు చివరికి 1954-55 ఖాస్రా పహాణీలో దొరికింది. మీలో కొందరు నవ్వుతున్నారు. నిజమే, మన దగ్గర ఆ కాగితం కోసం తిరిగేది వకీళ్లు, బిల్డర్లు. నేను మనిషి కోసం తిరిగాను. అందులో పట్టాదారు గడి వేరు, కాస్తు చేసేవాడి గడి వేరు. మా తాత రెండో గడిలో ఉన్నాడు. పేరు పక్కన 'వల్ద్' అని మరో పేరు. వల్ద్ అంటే ఫలానావారి కొడుకు అని. మా ముత్తాత పేరు నేను మొదటిసారి చదివింది అక్కడే. మీరూ వెతకబోతే ఒక చిట్కా: పాత కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలపండి. 1364 ఫసలీ అంటే 1954-55.

నాయనమ్మ మాత్రం ఎక్కడా లేదు. పేరున భూమి లేదు, బడికి పోలేదు.

ఊరు దాటనివాళ్ల సంగతి ఇది. సముద్రం దాటినవాళ్లకు వేరు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ కూలీలతో డర్బన్ చేరింది. 1911 దాకా అలా నాటాల్ వెళ్లినవాళ్లు లక్షా యాభై వేల పైచిలుకు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఒంటి మీది మచ్చ కూడా రాసుకున్నారు. ఆడవాళ్లకూ విడిగా నంబరు ఉంది. అభిమానంతో రాసింది కాదు, కూలీని గుర్తుపట్టడానికి రాసుకున్నది. అయినా ముత్తవ్వది ఏ ఊరో వెతుక్కునే డర్బన్ తెలుగువాళ్లకు ఇవాళ అదే ఆధారం.

మన దగ్గర అలాంటిది ఏముందని ఆలోచిస్తే నాకు తట్టింది మన బడి అడ్మిషన్ రిజిస్టరు. పేరు, తండ్రి పేరు, ఊరు, మాతృభాష, రెండు పుట్టుమచ్చలు. పుట్టిన తేదీలు సగం మన సార్లు పెట్టినవే. ఇంతమందిమి జూన్, జులైల్లోనే ఎలా పుట్టామో వాళ్లే చెప్పాలి! కానీ జనన పత్రం లేని మా తరాన్ని పాస్‌పోర్టు దాకా తీసుకెళ్లింది ఆ తేదీయే. మొదటి రిజిస్టర్ల అంచులు ఇప్పటికే పొడి రాలుతున్నాయి.

హెడ్మాస్టరు గారు అనుమతిస్తే వచ్చే ఆదివారం నుంచి వాటిని స్కాన్ చేస్తాం. పాత రిజిస్టర్లలో తల్లి పేరుకు గడి లేదు. నేను తయారుచేసిన పట్టికలో పెట్టాను. వచ్చేటప్పుడు అమ్మ, నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు, వాళ్ల పుట్టిన ఊళ్లు రాసుకొని రండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లను ఈ రాత్రికే అడగండి.