అడిగి తెలుసుకొనే హక్కు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను ఉర్దూ బడి పంతులును. పాఠం చెప్పడమే గాని ఉపన్యాసం చేతగాదు. కనుక ఈరోజు కూడా ఒక పాఠమే చెబుతాను. దాని పేరు సమాచార హక్కు చట్టం.

మా వీధిలో ఒక ఖాలా ఉంది. భర్త పోయినాక వితంతు పింఛనుకు అర్జీ పెట్టుకొని ఒక ఆఫీసు చుట్టూ ఏడాదికి పైగా తిరిగింది. పోయినప్పుడల్లా "పైకి పంపినాం, రేపు రామ్మా" అన్నారు. చివరకు నా దగ్గరికొచ్చి, "ఇస్తారో ఇవ్వరో అదన్నా చెప్పమను బేటా" అని కండ్లనీళ్ళు పెట్టుకుంది.

ఆ ఒక్క మాట చెప్పించడానికే ఈ చట్టముంది. రాజస్థాన్‌లో కూలీలు తమ పేర్లు రాసిన మస్టరు రోళ్ళు చూపమని 1990లలో ఉద్యమించారు. అటువంటి ఉద్యమాల ఫలితంగా చట్టం వచ్చి, 2005 అక్టోబరు 12 నుండి పూర్తిగా అమలైంది.

తెల్లకాగితంపై, తెలుగులోనే, పౌర సమాచార అధికారిగారికి రాయాలి. "నీకెందుకు?" అని వారడగరాదు. రాయడం రానివారు నోటితో చెబితే రాతలో పెట్టించే బాధ్యత ఆ అధికారిదే. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు. వేంపల్లె మండలాఫీసులో 5 రూపాయలు, కడప జిల్లా ఆఫీసులో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు రుజువు జతచేస్తే అదీ లేదు. రసీదు మాత్రం మరువకండి.

ముఖ్యమైన సంగతి ఒకటి. "ఎందుకివ్వలేదు?" అని తగవు పెట్టుకోరాదు; ఆఫీసులో ఉన్న కాగితాన్ని అడగాలి. "ఫలానా తేదీన నేనిచ్చిన అర్జీపై తీసుకున్న చర్య తెలిపి, ఆ ఫైలు నకళ్ళు ఇప్పించండి" అని రాయాలి. ఖాలా పేరుతో నేను రాసింది ఇంతే.

జవాబుకు గడువు 30 రోజులు. ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటలు. రాకుంటే 30 రోజుల్లో అక్కడి పై అధికారికి అప్పీలు, అక్కడా కాకుంటే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు. కారణం లేక జాప్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా వేస్తుంది.

ఖాలాకు గడువులోనే జవాబొచ్చింది. భర్త పేరు రేషన్ కార్డులో ఒక రకంగా, మరణ ధ్రువపత్రంలో ఇంకో రకంగా ఉందట! ఆ ఒక్క అక్షరం కోసం ముసలిప్రాణం ఏడాది తిరిగింది. పేరు సరిచేయించి మళ్ళీ అర్జీ పెట్టింది. ఇప్పుడు పింఛను వస్తూంది.

ఖబరస్తాన్ హద్దులు, వక్ఫ్ భూముల రికార్డు, మన బడికి మంజూరైన ఉర్దూ టీచర్ పోస్టులు, ఇవన్నీ ఇలాగే అడగవచ్చు. పొరుగువాని సొంత విషయాలు తవ్వడానికి మాత్రం ఇది పనికిరాదు.

చదువుకున్న పిల్లలకు నా మనవి: వారానికొక గంట కూర్చొని చదువురానివారికి అర్జీలు రాసిపెట్టండి. అడుక్కోవడం వేరు, అడగడం వేరు. మన పెద్దలకు ఈ తేడా తెలియజేస్తే అదే నాకు పదివేలు.

సెలవు. ఖుదా హాఫిజ్.