సర్కారు ఖర్చు – రైతు లెక్క

 

ప్రభుత్వం ఇంతింత ఖర్చు పెట్టడం దేశానికి మేలా, కీడా? ఈ వాదన ఎప్పుడూ ఉన్నదే. సర్కారు సొమ్ము ఆకాశంనుండి ఊడిపడదు. పన్నుగానో, అప్పుగానో మననుండి పోవలసిందే. కనుక అది ఏ పనికి పోతున్నదో విచారించుట మన విధి.

వంశధారనే చూడండి. కళింగపట్నం వద్ద సముద్రంలో కలిసే ఈ నది మీద హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజి కట్టారు. 1977 నాటికి అది పూర్తయింది. ఎడమ కాలువ కింద సుమారు లక్షన్నర ఎకరాల ఆయకట్టు ఏర్పడింది. అంత ఖర్చు ఏ షావుకారూ పెట్టలేడు. పెట్టినా మడిమడికీ తిరిగి వసూలు చేసుకోలేడు. కాలువలో నీరు పారితే ధాన్యం పెరుగుతుంది. మిల్లుకు పని, బండికి కిరాయి, అంగడికి బేరం దొరుకుతాయి. ఆ రాబడిలో కొంత పన్నుగా మళ్లీ ఖజానాకే చేరుతుంది.

అయితే లెక్కకు రెండోవైపు కూడా ఉంది. హిరమండలం జలాశయం కోసం ఇళ్లూ పొలాలూ వదలుకున్న నిర్వాసితుల నష్టం కూడా ఖర్చులోదే. తవ్విన కాలువకు పూడిక తీయకుంటే శివారు మడికి నీరందదు. పెట్టిన సొమ్ము ఆ మేరకు ఇసుకపాలే!

ఇక అదును సంగతి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద వేసవిలో చెరువుపనులు పెట్టినప్పుడు, ఖాళీగా ఉన్న చేతులకు ఊళ్లోనే కూలి దొరికింది. అదే పని ఉభాల రోజుల్లో పెడితే కూలి రేటు పెరుగుతుంది. కూలివానికి అది లాభమే గాని, నారు ముదిరిపోతున్న రైతు గతేమిటి? దేశానికీ ఇదే సూత్రం. చేతులూ యంత్రాలూ ఖాళీగా ఉన్నప్పుడు పెట్టిన ఖర్చు పని పుట్టిస్తుంది. అన్నీ పనిలో ఉన్నప్పుడు పెట్టిన ఖర్చు ధరలు పెంచుతుంది.

కాబట్టి ఖర్చు మంచిదా, చెడ్డదా అని ఊరకే తగవులాడక, గ్రామసభకు వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. ఈ పనివల్ల పంట ఎంత పెరుగుతుంది? ఏ నెలలో చేస్తారు? పై ఏడు మరమ్మతుకు సొమ్ము ఏది? విస్తరణ కార్యకర్తలు శివారు రైతులను వెంటబెట్టుకుని కాలువగట్టు మీద నడవాలి. పూడిక ఎక్కడుందో, మదుము ఎక్కడ విరిగిందో రాసి సభ ముందుంచాలి. అడిగేవాడుంటేనే ఖర్చు దారిన పడుతుంది.