అధ్యక్ష పీఠము – ఆత్మనిగ్రహము

(ముమ్మిడివరమున పరిసర గ్రామ పంచాయతీల సభ్యులనుద్దేశించి గావించిన ప్రసంగ పాఠము)



నాయకునకు ఉండవలసిన శీలమును గూర్చి మాటాడుమని నన్ను కోరినారు. ఈ మాట చెవిని పడగానే ఆవులింత వచ్చుట సహజము. అబద్ధమాడరాదు, పరుల సొమ్ము ముట్టరాదు అని మనకు చిన్ననాడే చెప్పియున్నారు. ఆ పాఠమును మరల అప్పగించుటకు నేను రాలేదు. లంచము ముట్టనివాడు సైతము నాయకుడుగా తప్పటడుగు వేయు చోటొకటి కలదు. అది సమావేశమున అధ్యక్షుడు కూర్చుండు కుర్చీ. నేడు దానిని గూర్చియే చెప్పెదను.

ఇచ్చటికి సమీపముననే, ఐ. పోలవరము మండలములో, గౌతమి ఒడ్డున ఎదుర్లంక యున్నది. 1951 అక్టోబరు 1వ తేదీన ఆ గ్రామమున జన్మించిన గంటి మోహనచంద్ర బాలయోగి గారిని మీలో పెద్దవారు కన్నులార చూచియుందురు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి, న్యాయవాదియై, 1987లో తూర్పు గోదావరి జిల్లా ప్రజాపరిషత్తునకు అధ్యక్షులైరి. 1991లో అమలాపురము నుండి లోక్‌సభకు వెళ్ళిరి. 1996లో ఓడిపోయిరి. ఆ ఓటమి తరువాత ఉప ఎన్నికలో ఆయనను శాసనసభకు పంపినది ఈ ముమ్మిడివరము వోటర్లే. తిరిగి లోక్‌సభకు ఎన్నికై, 1998 మార్చి 24న స్పీకరు పీఠమెక్కిరి. దళిత కుటుంబమున పుట్టి ఆ పీఠమెక్కినవారిలో ఆయనయే ప్రథములు.

ఏడాది తిరుగగనే పరీక్ష వచ్చినది. 1999 ఏప్రిల్ నెలలో వాజపేయి గారి ప్రభుత్వమునకు భాగస్వామి పక్షమొకటి మద్దతు మానుకొన్నది. సభ విశ్వాసమును పొందుమని రాష్ట్రపతి ప్రధానిని కోరిరి. ఏప్రిల్ 17న వోటింగు. బాలయోగి గారు ఏ పక్షము తరఫున ఎన్నికైరో ఆ తెలుగుదేశము పక్షము ప్రభుత్వము వైపుననే నిలిచినది. ఆనాడు గిరిధర్ గమాంగ్ గారు సభకు వచ్చియుండిరి. వారు ఫిబ్రవరిలోనే ఒరిస్సా ముఖ్యమంత్రి పదవిని చేపట్టిరి గాని లోక్‌సభ సభ్యత్వమును ఇంకను విడువలేదు. ముఖ్యమంత్రి ఇచ్చట వోటు వేయుట ఏమని అభ్యంతరము లేచినది.

స్పీకరు గారు ఆయనను ఆపలేదు. వోటు వేయుటయా, మానుటయా అనునది ఆ సభ్యుని మనస్సాక్షికే విడిచిరి. గమాంగ్ గారు ప్రభుత్వమునకు వ్యతిరేకముగా వోటు వేసిరి. అనుకూలురు 269, ప్రతికూలురు 270. ప్రభుత్వము కూలినది.

ఇప్పుడా ఒక్క వోటును తీసివేసి లెక్క చూడుడు. 269కి 269. వోట్లు సమానమైనచో నిర్ణాయకమైన వోటు సభాధ్యక్షునిదేనని రాజ్యాంగము 100వ అధికరణము చెప్పుచున్నది. ఆ సభ్యుని బయట కూర్చుండుమన్నచో దేశ ప్రభుత్వము ఉండుటయు పోవుటయు బాలయోగి గారి చేతికే వచ్చియుండెడిది. అంత దగ్గరి లెక్క వచ్చునని ముందుగా ఎవరికిని తెలియకపోవచ్చును. ఒక్కొక్క వోటు విలువ మాత్రము ఆ దినమున సభలో అందరికిని తెలిసినదే.

ఆ నిర్ణయము సరికాదను వారు ఆనాడును కలరు, నేడును కలరు. ఒక రాష్ట్రమును ఏలుచు కేంద్ర సభలో వోటు వేయుట మర్యాద కాదను వాదములో బలము లేకపోలేదు. అయితే ఆ మర్యాదను పాటించు బరువు వోటు వేయు వానిదే గాని అధ్యక్షునిది కాదని నా అభిప్రాయము. సభ్యత్వము పోనివానికి హక్కు పోలేదు. లేని అధికారమును కల్పించుకొనుట అధ్యక్షునకు తగదు. ఆ ఒక్క వోటు వలన నష్టపోయిన పక్షములే ఎన్నికలలో గెలిచి తిరిగి వచ్చిన పిదప, 1999 అక్టోబరు 22న ఆయననే మరల స్పీకరుగా ఎన్నుకొన్నారు.

2000 మే 16న లోక్‌సభలో నైతిక ప్రవర్తనా సంఘమును మొదటిసారిగా నియమించినది ఆయనయే. 2002 మార్చి 3న కైకలూరు వద్ద హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి. ఎదుర్లంకను యానాముతో కలుపు వంతెనకు ఆయన పేరే పెట్టినారు. పంటు కొరకు రేవులో పడిగాపులు పడినవారికి ఆ వంతెన విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

మన పంచాయతీ గదిలో దేశ ప్రభుత్వములు కూలవు. మురుగు కోడు మీద ఆక్రమణ వంటి సంగతులే వచ్చును. ఒక కొబ్బరితోట గట్టు ఏటేట కోడులోనికి జరుగుచున్నదనుకొనుడు. శ్రావణము వచ్చినచో దిగువ పేటలో మోకాలిలోతు నీరు నిలుచుచున్నది. తోట సర్పంచి గారి బావమరిదిది. సర్పంచి గారు లంచము ముట్టరు, అబద్ధమాడరు. ఆ అంశమును జాబితా చివర వ్రాయింతురు, అంతే. దాని వంతు వచ్చునప్పటికి దీపాలు పెట్టు వేళ యగును, సగము మంది ఇండ్లకు పోవుదురు. “వచ్చే సమావేశమున చూతము” అందురు. తీర్మానముల పుస్తకమున “చర్చింపబడినది” అని ఒక్క మాట. ఆ యేడును పేట మునుగును. ఇందు తప్పెచ్చట యున్నదో ఏ తనిఖీ అధికారియు పట్టలేడు.

1996 నవంబరు 6న తుపాను కోనసీమను ఊడ్చివేసినది మీకు గుర్తే. అట్టి ఉపద్రవము తరువాత నష్టపోయినవారి జాబితా వ్రాయు చేతికి, ఎన్నికలలో తనకు వ్యతిరేకముగా తిరిగినవాని ఇంటి కప్పు ముందుగా కనబడవలెను. ఆ చూపు తుపాను నాడు అకస్మాత్తుగా రాదు. కోడు మీద, కుళాయి మీద, చెరువు పాట మీద అలవాటైనవానికే వచ్చును.

నన్ను మినహాయించుకొని చెప్పుట లేదు. వెనుకటి కాలమున నేనొక సంఘ సమావేశమునకు అధ్యక్షత వహించి, నాకు గిట్టని మనిషి చేయెత్తగా చూడనట్లు కాగితములు తిరుగవేసితిని. ఆయన కొంతసేపు చూచి చేయి దించుకొనెను. అది తప్పని ఎవరును అనలేదు. నాకు మాత్రము ఆ చేయి నేటికిని కనబడుచున్నది. నాటినుండి ప్రతిపక్షమువానినే మొదట మాటాడనిచ్చుట నియమముగా పెట్టుకొంటిని. మొదట కష్టముగానే యుండెను.

మీ బంధువుల సంగతి వచ్చినపుడు, చట్టము అడిగినను అడుగకున్నను, కుర్చీ విడిచి మరియొకరిని కూర్చుండబెట్టుడు. అంశములను వచ్చిన వరుసలోనే తీసికొనుడు. తీర్మానమును కాదన్నవారి పేరును, కారణమును పుస్తకమునకు ఎక్కించుడు. ఓడిన మాటకు కూడ పుస్తకమున చోటున్నదని తెలిసినచో ఓడినవాడు మరుసటి సమావేశమునకు వచ్చును.

చెరువు పాటలను గూర్చి మీలో కొందరు సందేహములు తెచ్చినారని విన్నాను. వెనుక వరుసలో ఒక సభ్యురాలు ఇందాకటి నుండి చేయెత్తియున్నారు. మొదట వారు అడుగుదురు గాక.