స్వరఋణము

(సంగీతాభిమానుల సభలో చేసిన ఉపన్యాసము)



పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమనగానే మనలో పెక్కురకు బాకు, మోజార్టు, బీథోవెను మున్నగు కీర్తిశేషుల పేర్లే తోచును. ఆ సంగీతము పూర్వులతోనే ముగిసినదని తలచువారును గలరు. అది సరి గాదు. నేడును ఆ దేశములందు కొత్త రచనలు చేయు స్వరకర్తలు అనేకులున్నారు. వారిలో నొకరైన కారొలైన్ షా అను అమెరికా వనితను గూర్చి, ముఖ్యముగా ఆమె తొలినాటి రచనలను గూర్చి, మీకు మనవిచేయ దలచితిమి. ఆమె ప్రతిభను కొనియాడుట మాత్రమే మా యుద్దేశము గాదు. ఆమెకు కీర్తి తెచ్చిన రచనయే ఒక న్యాయప్రశ్నను లోకము ముందుంచినది. ఆ ప్రశ్న మనకును సంబంధించినదే.

కారొలైన్ షా 1982వ సంవత్సరమున సంయుక్తరాష్ట్రములలోని ఉత్తర కరోలినాలో జన్మించెను. ఆమెకు తొలుత ఫిడేలు నేర్పినది తల్లియే. రెండేండ్ల ప్రాయమున కమాను పట్టిన యా బాలిక పదియేండ్లనాటికే స్వరరచనకు పూనుకొనెను. 2004లో రైస్ విశ్వవిద్యాలయమునుండియు, 2007లో యేల్ విశ్వవిద్యాలయమునుండియు ఫిడేలు విద్యలో పట్టములు పొందెను. న్యూయార్కు నగరమున ట్రినిటీ చర్చి గాయకబృందమున పాడెను. 2010లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున స్వరరచనా విభాగమున పరిశోధకవిద్యార్థినిగా చేరెను. కావున ఆమె మొదట వాద్యకళాకారిణి, గాయని, పిదపనే స్వరకర్త. ఆమె రచనలను వినువారు ఈ సంగతి మరువరాదు. కాగితముపై లెక్కలు కట్టి చేసిన రచనలవలె గాక, అవి చేతివేళ్లనుండియు గొంతునుండియు పుట్టినవిగా దోచును.

2009లో బ్రాడ్ వెల్స్ అను సంగీతజ్ఞుడు ఎనమండుగురు గాయకులతో ఒక బృందమును నెలకొల్పెను. దానిపేరు 'రూమ్‌ఫుల్ ఆఫ్ టీత్', అనగా గదినిండ దంతములని యర్థము. పేరు వింతయైనను సంకల్పము గొప్పది. మానవకంఠము ఏయే ధ్వనులు పలుకగలదో, లోకమందలి నానాజాతులవారు దానిని ఎన్నెన్ని విధముల సాధన చేసిరో తెలిసికొని, ఆ విద్యలను అభ్యసించుట వారి యుద్దేశము. తూవా దేశపు గొంతుపాట, ఆల్ప్స్ కొండలవారి యోడల్, కొరియావారి పాన్సోరి మున్నగువానిని ఆయా విద్యలలో ఆరితేరినవారివద్ద నేర్చుకొనిరి. మసాచుసెట్సు రాష్ట్రమున నార్త్ ఆడమ్స్ అను చిన్నపట్టణమున, ఒకప్పుడు బట్టలకు అద్దకము వేసిన మిల్లుభవనములలో, నేడొక కళాప్రదర్శనశాల గలదు. అచ్చట వేసవికాలమున వారు సమావేశమగుచుండిరి. షా ఆ బృందమున గాయనిగా చేరి, తోటివారి గొంతుల బలమును ఎరిగి, వారికొరకే వ్రాయ మొదలిడెను.

ఆ వేసవులలో, 2009 మొదలు 2011 వరకు, పుట్టినదే 'ఎనిమిది కంఠముల పార్టిటా'. వాద్యమొక్కటియు లేని యీ రచన ఇంచుమించు ఇరువదియైదు నిమిషములు సాగును. అల్లెమాండ్, సరబాండ్, కూరాంట్, పాసకాలియా అని దీనికి నాలుగు భాగములు. ఇవన్నియు బాకు కాలమునాటి నాట్యసంబంధమైన రచనల పేర్లు. కట్టడము పాతది, లోపల కాపురమున్నది కొత్తది. మొదటి భాగము పాటతో గాక మాటలతో నారంభమగును. పల్లెనాట్యములలో అడుగులు చెప్పువాని కేకలును, సోల్ లెవిట్ అను చిత్రకారుని గోడచిత్రమునకు సంబంధించిన కొలతల సూచనలును అందు కలగలిసి వినవచ్చును. ఆ చిత్రకారుని గోడచిత్రములు పెక్కు ఆ ప్రదర్శనశాలలోనే గలవు. మాటలు మెల్లగా స్వరములగును; స్వరములు మరల నిట్టూర్పులును గుసగుసలును అగును. చివరి భాగమున ఒకే స్వరక్రమము మరల మరల వచ్చుచు, వచ్చినప్పుడెల్ల గొంతు రంగు మార్చుకొనును.

2012లో ఈ రచన ముద్రికగా వెలువడెను. 2013లో దీనికి సంగీతమునందలి పులిట్జర్ బహుమానము లభించెను. అప్పటి కామె వయస్సు ముప్పదియేండ్లు. అంత పిన్నవయస్సున ఆ బహుమానమును పొందినవారు అంతకుముందు లేరు. నాలుగు భాగములును ఒకే సభలో వరుసగా పాడబడుట ఆ సంవత్సరము నవంబరులో, బహుమానము వచ్చిన పిదపనే జరిగినది!

ఆమె తొలినాటి ఇతర రచనలలో నొక సమానలక్షణము గలదు. ఆమె పూర్వులతో మాటలాడుచు వ్రాయును. 2011లో రచించిన 'ఆంట్రాక్ట్' అను నాలుగు తంత్రీవాద్యముల కృతికి ప్రేరణ హైడను రచించిన ఒక మినుయెట్. 2012లో పియానోకు వ్రాసిన 'గుస్తావ్ లె గ్రే' అను కృతి షోపెన్ మజూర్కా నొకదానిని ఆధారముగా గొన్నది. 2016నాటి 'టు ద హాండ్స్' అను గాయకబృందకృతి, పదునేడవ శతాబ్దమునాటి బుక్స్‌టెహూడె భక్తిరచనకు ప్రత్యుత్తరము. దానిలో ఇల్లువాకిళ్లు కోల్పోయి నిరాశ్రయులైనవారి సంఖ్యలు దేశములవారీగా పలుకబడును. ఈ రచనలయందెల్ల మూలపురుషుని పేరు మరుగునపడలేదు. ఋణము చెప్పుకొనుటచే ఆమె గౌరవము తగ్గలేదు సరిగదా, ఇనుమడించినది.

ఇక పార్టిటాలోని మూడవ భాగమునకు వత్తము. న్యాయప్రశ్న పుట్టినది ఇచ్చటనే.

కెనడా ఉత్తరభాగమందును ధ్రువప్రాంతములందును నివసించు మూలవాసులగు ఇన్యూట్ జనులలో 'కతజ్జక్' అను పాట గలదు. ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా, చేతులు పట్టుకొని నిలుతురు. ఉచ్ఛ్వాసనిశ్వాసములనే స్వరముగను తాళముగను చేసికొని, ఒకరి వెనువెంట నొకరు సందులేకుండ పాడుదురు. ముందు ఊపిరి తప్పినవారో, నవ్వినవారో ఓడినట్లు. పురుషులు వేటకు బోయిన దినములలో స్త్రీలకిది వినోదము. క్రైస్తవ మతాచార్యులు ఆ మంచునేలకు వచ్చిన పిదప ఈ పాటను నిషేధించిరి. పెక్కుచోట్ల అది నశింపనున్న సమయమున, వృద్ధస్త్రీలు జ్ఞాపకమున దాచుకొనియున్నదానిని పడుచువారు మరల నేర్చుకొని బ్రదికించిరి. 2014లో క్యూబెక్ ప్రభుత్వము దీనిని తమ రాష్ట్రపు అమూర్తవారసత్వముగా మొట్టమొదట గుర్తించెను.

2019 అక్టోబరులో, ఈ విద్యయందు లోకప్రసిద్ధి గాంచిన ఇన్యూట్ గాయని టాన్యా తగాక్ ఒక ఆక్షేపణ తెలిపెను. పార్టిటా మూడవ భాగమున తమ జాతి కతజ్జక్ ఒకటి వాడబడినదనియు, దానికి తగిన పేరుగాని ప్రతిఫలముగాని ఈయబడలేదనియు ఆమె వాదము. బృందనాయకుడును షాయును బహిరంగముగా సమాధానమిచ్చిరి. 2010లో తాము ఇన్యూట్ గాయనులను పిలిపించి, వేతనమిచ్చి, వారివద్ద ఆ విద్యను నేర్చుకొంటిమని వారు తెలిపిరి.

న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక ఉభయపక్షముల మాటయు వినుట మాకలవాటు. షా పక్షమున చెప్పదగినది చాల గలదు. ఆమె దొంగచాటుగ వినివచ్చి వ్రాసినది గాదు. బృందము గురువులకు దక్షిణ యిచ్చినది. ఆ పాట పార్టిటాలోని ఒక భాగమున కొంత మాత్రమే. తక్కిన కట్టడమంతయు ఆమె స్వీయప్రతిభ. ఇచ్చిపుచ్చుకొనుట లేనిచో సంగీతమే లేదు.

అయినను మేము అడుగున దొకటి. గురువునకు దక్షిణ యిచ్చినంత మాత్రమున గురుపరంపర ఋణము తీరునా? ఆ ఇద్దరు ముగ్గురు గాయనులు తమకు తెలిసిన విద్యను నేర్పిరి. కాని ఆ విద్య వారి సొంత ఆస్తి గాదు. నిషేధమును సహించి దానిని కాపాడిన తల్లులందరిది. మన పెద్దలు ఋషిఋణమని యొకటి చెప్పిరి. అది ధనముతో తీరునది గాదు. అధ్యయనముచేతను, స్మరణచేతను తీరునది. అధ్యయనము జరిగినది. స్మరణ చాలలేదనియే గదా వాది ఫిర్యాదు!

చట్టమేమి చెప్పునని మీరడుగవచ్చును. కర్త పేరు తెలియని పాటకు గ్రంథస్వామ్యపు చట్టము సామాన్యముగా రక్షణ నీయదు. హైడను కాలము తీరినవాడు. ఆయనకును నేడు చట్టరక్షణ లేదు. అయినను హైడను పేరు చెప్పుట ఎవరును మరువరు. అతని వెనుక గొప్ప రాజధానులును, విద్యాలయములును, గ్రంథాలయములును గలవు. ఇన్యూట్ తల్లి వెనుక నేమున్నది? మంచును, మౌనమును తప్ప మరేమియు లేదు. చట్టము మాటలాడనిచోట మన ధర్మము మాటలాడవలెను. ఒకనాడు ఆమె స్వస్థలముననే పాపమని మాన్పింపబడిన పాట, మరియొకనాడు పరుల కంఠమున ఘనతకెక్కుటలోని వైపరీత్యమును ఊహింపుడు.

మన ముత్తుస్వామి దీక్షితులవారును చెన్నపట్టణపు ఆంగ్లేయుల బ్యాండుమేళముల మెట్లను గైకొని సంస్కృతసాహిత్యము కూర్పలేదా యని కొందరనవచ్చును. కూర్చిరి. కాని లోకము వానికి నోటుస్వరములని పేరిడి, ఆ మెట్లు ఎచ్చటివో పేరులోనే చాటుచున్నది. మరియు నేలుబడిలోనివాడు ఏలికనుండి గ్రహించుటయు, బలవంతుడు బలహీనునినుండి గ్రహించుటయు తూకమున నొకటి గావు.

కావున మా తీర్పు ఇది. కారొలైన్ షా మహాప్రతిభావంతురాలు. పార్టిటా దీర్ఘకాలము నిలువదగిన రచన. దానిని పాడవలదనుట అవివేకము. అయితే దానిని పాడు ప్రతిసభయందును, అచ్చువేయు ప్రతిపత్రమునందును కతజ్జక్ పేరును, దాని జాతి పేరును, నేర్పిన గురువుల పేర్లును హైడను పేరంత పెద్దయక్షరములతో నుండవలెను. రాబడిలో భాగము ఆ విద్యను నిలుపువారికి చేరవలెను. వీలయినపుడు వారిని అదే వేదికపై కూర్చుండబెట్టవలెను.

ఈ మాట పరదేశీయులకు మాత్రమే గాదు. ఆదిలాబాదు గోండులును, గోదావరి మన్యమునందలి కోయలును పాడుకొను పాటల మెట్లను పట్టణములకు దెచ్చునపుడు, వానికి 'జానపదము' అను ఒక్కమాట తగిలించి తృప్తిపడుట మనకును అలవాటు. ఏ గూడెము, ఏ జాతి, ఎవరి నోట విన్నది అని వ్రాసియుంచుటకు ఎంత ఖర్చగును? ఒక పంక్తి సిరా. నేటి సభనుండి మరలిపోవువారిలో పాటలు సేకరించువారున్నచో, ఆ పంక్తిని విడువకుడని మా ప్రార్థన.