పంచాయతీ ల్యాప్‌టాపునకు తగిన కేబుళ్లు, అడాప్టర్లు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినమున నాకు ఒప్పగించిన విషయము చూచుటకు చాల చిన్నది. కేబుళ్లను గూర్చి ఉపన్యాసమేల, దుకాణదారు నడిగిన ఇచ్చును గదా యని మీలో కొందరు మనసులో ననుకొనుచుండవచ్చును. నేనును ఒకప్పుడు అట్లే తలచితిని.

ఒక పంచాయతీలో జరిగిన సంగతి చెప్పెదను. అచ్చట ఆర్థిక సంఘపు నిధులతో మురుగుకాలువ కట్టిరి. పని ముగిసినది, కొలతలు పూర్తియైనవి. ఇక చెల్లింపు ఈ-గ్రామస్వరాజ్ ద్వారా జరుగవలెను. పాత కంప్యూటరు చెడిపోవుటచే పంచాయతీవారు పలుచని క్రొత్త ల్యాప్‌టాపు నొకదానిని కొనిరి. తీరా చూడగా, చెల్లింపు చేయవలసినవారి డిజిటల్ సంతకపు టోకెను దానిలో దూరలేదు. టోకెను మూతి వెడల్పైన పాత రకము, అనగా యు.ఎస్.బి. టైప్-ఏ. ల్యాప్‌టాపునకు ఉన్నవి సన్నని టైప్-సి రంధ్రములు మాత్రమే. పట్టణమునుండి ఒక చిన్న అడాప్టరు వచ్చువరకు మేస్త్రీకిని, కూలీలకును డబ్బు నిలిచిపోయినది. ఆ అడాప్టరు ఖరీదు ఒక దినపు కూలికంటె తక్కువ.

తప్పు దుకాణదారునిది కాదు. ఏ వస్తువులను తగిలింపవలసియున్నదో కొనుటకు ముందు ఎవరును చూడలేదు.

కావున ల్యాప్‌టాపును ఎన్నుకొనుటకు ముందు మీ కార్యాలయపు బల్లను పరీక్షింపుడు. డిజిటల్ సంతకపు టోకెన్లు ఎన్ని? వేలిముద్ర యంత్రము కేబులు కొన ఏ రకము? ప్రింటరు కేబులు ఒక కొన చదరముగను, రెండవ కొన వెడల్పుగను ఉండును. ఆ వెడల్పు కొనకు చోటు కావలెను. భారత్‌నెట్ పెట్టెనుండి వచ్చు ఇంటర్నెట్ తీగెకు చివర టెలిఫోను పిన్నువంటి, అంతకంటె కొంచెము పెద్దదైన పిన్నుండును. పలుచని ల్యాప్‌టాపులలో దానికి రంధ్రమే యుండదు. అప్పుడు యు.ఎస్.బి. నుండి ల్యాన్‌నకు మార్చు అడాప్టరు వేరుగా కొనవలసివచ్చును. నా మట్టుకు నేను, పంచాయతీ పనికి రెండు టైప్-ఏ రంధ్రములైనను గల ల్యాప్‌టాపునే కొనుడందును. కొంచెము బరువెక్కువైనను చింతలేదు; దానిని మోయవలసినది కార్యాలయపు బల్లయే గదా!

ఇక కరెంటు సంగతి. ఇచ్చట పొరపాటు జరిగిన పని ఆగుటతో పోదు, యంత్రమే పాడగును. ప్రతి అడాప్టరు వెనుకను చిన్న అక్షరములతో రెండు పంక్తులుండును. మొదటిది ఇన్‌పుట్. సాధారణముగా 100-240 వోల్టులు అని యుండును. మన 230 వోల్టుల సరఫరాకు అది చాలును. రెండవది అవుట్‌పుట్. ఉదాహరణకు 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని యుండును. ఈ రెంటిని గుణించిన 65 వాట్లు వచ్చును. గుండ్రని పిన్నుగల అడాప్టరును మార్చవలసివచ్చినప్పుడు వోల్టులు ల్యాప్‌టాపు అడుగున వ్రాసినదానికి సరిపోవలెను. ఆంపియర్లు సమానముగనో, ఎక్కువగనో ఉండవచ్చును, తక్కువ కారాదు. ఆంపియర్లు ఎక్కువైన యంత్రము కాలిపోవునని కొందరు భయపడుదురు. ఆ భయమక్కరలేదు, యంత్రము తనకు కావలసినంతయే తీసికొనును. పెద్ద చెరువు క్రింద చిన్న తూము ఉన్నట్లు.

వోల్టుల విషయము అట్టిది కాదు. మరియొక గ్రామమున ఇంటర్నెట్ పెట్టె అడాప్టరు పోయినది. ఎవరో పాత ల్యాప్‌టాపు అడాప్టరు తెచ్చి పెట్టిరి. గుండ్రని పిన్ను చక్కగా దూరినది. పెట్టెకు కావలసినది 12 వోల్టులు, అందినది 19. పెట్టె ఆరిపోయినది, మరల వెలుగలేదు. పిన్ను దూరినంత మాత్రమున జోడు కుదిరినట్లు కాదు. అందుచేత ప్రతి అడాప్టరుకును ఒక గుడ్డపట్టీ అంటించి, అది ఏ యంత్రమునకు సంబంధించినదో దానిపై వ్రాయింపుడు.

క్రొత్త ల్యాప్‌టాపులు పెక్కింటికి గుండ్రని పిన్నునకు బదులు టైప్-సి వచ్చుచున్నది. దీని నిర్దేశములు 2014లో వెలువడినవి. మన భారతీయ ప్రమాణాల సంస్థ దీనికి 2023 జనవరిలో భారతీయ ప్రమాణమును ప్రకటించినది. ఐరోపా సమాజమువారు దీనినే ఉమ్మడి ఛార్జింగు మార్గముగా 2022లో శాసించి, ఫోనులకు 2024 డిసెంబరు 28 నుండియు, ల్యాప్‌టాపులకు 2026 ఏప్రిల్ 28 నుండియు వర్తింపజేసిరి. ఇందులో ఒక సుగుణము కలదు. పవర్ డెలివరీ అను పద్ధతి గల ఛార్జరును ల్యాప్‌టాపును ముందుగా తమలో తాము సంప్రదించుకొని, 5, 9, 15, 20 వోల్టులలో ఏది తగునో నిర్ణయించుకొనును. కావున వోల్టుల ప్రమాదము తగ్గినది. ఐనను వాట్ల చిక్కు తీరలేదు. 65 వాట్లు కోరు ల్యాప్‌టాపునకు 18 వాట్ల ఫోను ఛార్జరు పెట్టిన, అది అసలు ఛార్జి కాకపోవచ్చును, లేదా పని చేయుచుండగనే బ్యాటరీ తరుగును. 67 వాట్లు అని వ్రాసిన ఫోను ఛార్జర్లు కొన్ని తమ కంపెనీ ఫోనుకు మాత్రమే అంత శక్తి నిచ్చి, ల్యాప్‌టాపునకు చాల తక్కువ నిచ్చును. కొనునప్పుడు పవర్ డెలివరీ, 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అను మాటలు దానిమీద ఉన్నవో లేవో చూడుడు.

కేబులు గూడ అంతే. టైప్-సి కేబుళ్లన్నియు చూపునకు ఒకే తీరుగా నుండును, గుణములు మాత్రము వేరు. సాధారణ కేబులు 3 ఆంపియర్లు, అనగా 60 వాట్లవరకే మోయును. అంతకు మించినచో లోపల గుర్తింపు చిప్పు గల 5 ఆంపియర్ల కేబులు కావలెను. మంచి కేబుళ్లమీద 60 లేక 240 వాట్లు అను అంకె ముద్రించియుండును. ఫోనుతో వచ్చిన కేబులు ఛార్జింగునకు సరిపోయినను, దానితో ల్యాప్‌టాపు తెరను మరియొక తెరపై చూపుట సాధ్యము కాకపోవచ్చును. ల్యాప్‌టాపు రంధ్రములలో గూడ భేదమున్నది. కొన్నిటిలో ఛార్జింగు జరుగదు, కొన్నిటినుండి బొమ్మ రాదు. రంధ్రము ప్రక్కన గల గుర్తును, కంపెనీవారి పుస్తకమును చూచి తెలిసికొనవలెను.

గ్రామసభలో లెక్కలను తెరమీద చూపదలచినవారికి ఇంకొక మాట. మండలములలోని పాత ప్రొజెక్టర్లు పెక్కింటికి నీలిరంగు పదునైదు పిన్నుల వి.జి.ఏ. కేబులు ఉండును. క్రొత్త ల్యాప్‌టాపులో ఉండునది హెచ్.డి.ఎం.ఐ. ఈ రెంటిని కలుపుటకు ఉత్త తీగె చాలదు, లోపల మార్పిడి సర్క్యూటు గల అడాప్టరు కావలెను. అడుగునప్పుడు "హెచ్.డి.ఎం.ఐ. నుండి వి.జి.ఏ.కు" అని దిక్కు చెప్పి అడుగుడు. వ్యతిరేక దిక్కుది తెచ్చిన పనికిరాదు. వి.జి.ఏ.లో ధ్వని ప్రయాణింపదు. స్పీకరుకు వేరే తీగె సిద్ధపరచుకొనుడు. లేనిచో గ్రామసభవారు బొమ్మ చూతురు గాని మాట వినరు.

లోహపు మూతగల ల్యాప్‌టాపును ముట్టినప్పుడు చేయి చిమచిమలాడుచున్నదని కొందరు కార్యదర్శులు చెప్పిరి. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టినను గోడలోని సాకెట్టునకు ఎర్తు లేకున్న ఇట్లగును. పై పిన్నును విరుగగొట్టి రెండు పిన్నుల సాకెట్టులో దూర్చుట మన అలవాటు, అది మానవలెను. ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తు వేయింపుడు.

అడాప్టరుమీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తును, దాని క్రింద ఆర్ అను అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యయు ఉండవలెను. ఆ సంఖ్య నిజమైనదో కాదో బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను యాప్‌లో చూడవచ్చును. తీర్మానములో ల్యాప్‌టాపు ఒకటి అని మాత్రము వ్రాయక, దానితోబాటు కావలసిన కేబుళ్లు, అడాప్టర్లు, వాటి వాట్లు గూడ వ్రాసి, అన్నిటికిని కలిపి కొటేషన్లు తెప్పించుకొనుడు. సరకు వచ్చిన దినమున టోకెను, ప్రింటరు, వేలిముద్ర యంత్రము, ఇంటర్నెట్ తీగె, ప్రొజెక్టరు, అన్నిటిని కార్యాలయములోనే తగిలించి చూచి, స్టాకు రిజిస్టరులో ఎక్కించిన పిమ్మటనే బిల్లుమీద సంతకము చేయుడు.