ఆకలి ఉండీ తినలేని జబ్బు

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



న్యూజెర్సీలో పిల్లల డాక్టరుగా నేను ఎక్కువసార్లు విన్న తెలుగు వాక్యం "మావాడు సరిగా అన్నం తినడండీ" అన్నది. చాలాసార్లు నా జవాబు ఒకటే: "వాడు బాగానే తింటున్నాడమ్మా, మీరు పెట్టే కంచమే పెద్దది." ఇవాళ మాట్లాడబోయేది ఆ పేచీ గురించి కాదు. నిన్నటిదాకా చక్కగా తిన్న పిల్ల, చదువులో చురుకైన పిల్ల, మెల్లమెల్లగా తిండి తగ్గించుకుంటూ పోయే జబ్బు గురించి. దాని పేరు అనోరెక్సియా నెర్వోసా.

ఇదేదో అమెరికా ఫ్యాషన్ పత్రికలు తెచ్చిపెట్టిన రోగం అని మనవాళ్ళలో ఒక అభిప్రాయం ఉంది. కానీ 1873లోనే లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లాసేగ్ అనే వైద్యులు ఎవరికి వారు దీన్ని వర్ణించారు. ఈ పేరు పెట్టింది గల్. గ్రీకులో అనోరెక్సియా అంటే ఆకలి లేకపోవడం. నన్నడిగితే పేరు సరిగా కుదరలేదు. ఈ పిల్లల్లో చాలామందికి ఆకలి వేస్తుంది. దానితో రోజంతా పోట్లాడుతూ ఉంటారు.

ఒంటికి కావలసినంత తినకపోవడం వల్ల బరువు ఉండాల్సినదానికన్నా బాగా తగ్గిపోవడం, అయినా బరువు పెరుగుతుందేమోనని విపరీతమైన భయం, తన ఒళ్ళు తనకి ఉన్నదున్నట్టు కనబడకపోవడం – ఇవీ గుర్తులు. పూర్వం నెలసరి ఆగిపోవడం కూడా ఉండాలనేవారు. 2013లో ఆ నిబంధన తీసేశారు. ఇది మగపిల్లలకీ వస్తుంది మరి. ఇంకో మాట. బొద్దుగా ఉన్న పిల్ల నాలుగైదు నెలల్లో ముప్ఫై పౌన్లు తగ్గితే, చూడ్డానికి మామూలుగానే ఉండొచ్చు, లోపల గుండె మాత్రం ప్రమాదంలో ఉండొచ్చు. అలాంటి పిల్లని మనం ఫంక్షన్లలో "ఎంత స్మార్టుగా అయ్యావే" అని మెచ్చుకుంటాం. కలిసిన ప్రతిసారీ ఎదుటివాళ్ళ ఒంటిమీద వ్యాఖ్యానం చెయ్యకపోతే మనకి పలకరింపు పూర్తికాదు కదా!

మన ఇళ్ళల్లో ఇది ఎలా కనబడుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. "లావైపోతానని భయంగా ఉంది" అని పిల్ల నోరు తెరిచి చెప్పకపోవచ్చు. 1990లలో హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు, అక్కడి రోగుల్లో చాలామంది లావు మాట ఎత్తరనీ, కడుపు ఉబ్బరం, ఆకలి లేదు అంటారనీ రాశారు. అది చదివినప్పుడు నాకు మన పిల్లలే గుర్తొచ్చారు. "ఫ్రెండ్ ఇంట్లో తినేశానమ్మా." "ఇవాళ శనివారం కదా, ఉపవాసం." మొదట మాంసం మానేస్తుంది, తరవాత నెయ్యి, తరవాత నూనె, ఆ తరవాత అన్నం. పిల్లకి భక్తి కుదిరిందని బామ్మగారు సంతోషిస్తారు. ఇంటిల్లిపాదికీ కేకులు చేసి పెడుతుంది, తను ముట్టదు. ఇడ్లీని పదహారు ముక్కలు చేసి అరగంట తింటుంది. జులైలో స్వెట్టరు వేసుకుంటుంది. వీపు మీద, చేతుల మీద సన్నటి నూగు వస్తుంది.

పోల్చుకోకుండా వివరాలు మార్చి ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పదిహేనేళ్ళు, కూచిపూడి రంగప్రవేశానికి సాధన చేస్తోంది. కళ్ళు తిరుగుతున్నాయని, ఐరన్ తక్కువేమోనని వాళ్ళమ్మగారు తీసుకొచ్చారు. పడుకోబెట్టి నాడి చూస్తే నిమిషానికి 42. "డాన్సు చేస్తుంది కదండీ, అందుకే తక్కువేమో" అన్నారు తండ్రి. కాదు. తిండి లేని ఒళ్ళు ఖర్చు తగ్గించుకుంటోంది, గుండెని కూడా పొదుపుగా వాడుతోంది. మెలకువగా ఉన్నప్పుడు 50 కన్నా తగ్గితే ఆసుపత్రిలో చేర్చే సంగతి ఆలోచిస్తాం. ఆ సాయంత్రమే చేర్చాం.

ఆయన ఇంకో మాట కూడా అన్నారు: "సెలవుల్లో ఇండియా పంపితే వాళ్ళ అమ్మమ్మ చేతి వంటతో అదే బాగవుతుంది." అమ్మమ్మగారి ప్రేమకి వంక లేదు. కానీ బాగా ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. అందుకే మొదటి రోజుల్లో రక్తపరీక్షలు చేస్తూ జాగ్రత్తగా పెంచుతాం.

మొండితనమే అనుకునేవారికి నేను మినెసోటా ప్రయోగం గురించి చెబుతాను. యుద్ధకాలంలో, 1944–45లో, ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఆరు నెలలపాటు సగం తిండి పెట్టి చూశాడు. వాళ్ళు యుద్ధం చెయ్యమన్నవాళ్ళు, ఈ పనికి స్వచ్ఛందంగా వచ్చారు. సన్నబడాలన్న కోరిక ఎవరికీ లేదు. అయినా కొన్నాళ్ళకి వంటల పుస్తకాలు పోగుచెయ్యడం, కంచం ముందు గంటలు గడపడం, చిరాకు, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం మొదలయ్యాయి. మళ్ళీ తిండి పెట్టాక కూడా వెంటనే మామూలు మనుషులు కాలేదు. అంటే మీ పిల్లలో మీకు కొత్తగా కనబడుతున్న ఆ మనిషి చాలావరకు ఆకలి తయారుచేసిన మనిషే.

మరి తప్పెవరిది? వైద్యులు చాలాకాలం తల్లిదండ్రుల వైపు వేలు చూపించారు. ఈ రోగుల్ని చూసుకోడానికి బంధువులంత పనికిరానివాళ్ళు లేరన్నట్టు రాశాడు గల్. 2019లో వెలువడిన పెద్ద జన్యు అధ్యయనం, దాదాపు 17,000 మంది రోగుల్ని పరిశీలించి, ఈ జబ్బుతో సంబంధమున్న ఎనిమిది జన్యుస్థానాలు గుర్తించింది. పెంపకం మీదికి తోసేసే వాదన ఇక చెల్లదు. గల్ మాటని తిరగేసింది కూడా లండనే. 1980లలో అక్కడి మాడ్స్‌లీ ఆసుపత్రిలో తల్లిదండ్రులకే వైద్యంలో ముఖ్యపాత్ర ఇచ్చారు. ఇవాళ ఇక్కడ పిల్లలకి ముందుగా సూచించే పద్ధతి అదే. ఏం తినాలో, ఎంత తినాలో కొన్ని నెలలు పెద్దవాళ్ళే నిర్ణయిస్తారు, తినేదాకా పక్కనే కూర్చుంటారు. బరువు కుదురుకున్నాక ఆ పెత్తనం మెల్లగా పిల్లకి తిరిగి ఇచ్చేస్తారు.

చెప్పినంత తేలిక కాదు. కంచం గోడకేసి కొట్టిన పిల్లల్ని చూశాను. మూడు పూటలా, మధ్యలో చిరుతిళ్ళకీ ఎవరో ఒకరు ఉండాలి, ఉద్యోగాలకి సెలవు పెట్టాలి. ఆ సమయంలో "నీ కోసం ఇంత కష్టపడి చేశాను" అనకండి. కేలరీల లెక్క మీద వాదనకి దిగకండి. "ఇంకో ముద్ద తిను, నేనిక్కడే ఉంటాను" అంటే చాలు. బరువు పెంచి ఈ జబ్బుని నయంచేసే మాత్ర ఏదీ లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది దాపరికం. రేపు సంబంధాలకి అడ్డం వస్తుందని, పిల్లకి టైఫాయిడ్ అని చెప్పుకున్న ఇల్లు నాకు తెలుసు. దానితో సాయం వచ్చేవాళ్ళు కూడా రాలేదు. మానసిక వ్యాధుల్లో మరణాలు ఎక్కువగా ఉండేవాటిలో ఇదొకటి. కొందరు గుండె ఆగి పోతారు, కొందరు ఆత్మహత్య చేసుకుంటారు. చిన్న వయసులో, త్వరగా పట్టుకుంటే చాలామంది కోలుకుంటారు.

అనుమానం ఉంటే ఈ వారమే డాక్టరుకి చూపించండి. నాడి, రక్తపోటు పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ చూడమనండి. బరువు ఆసుపత్రి గౌనులోనే తియ్యమనండి, ఎందుకంటే కొందరు పిల్లలు కడుపునిండా నీళ్ళు తాగి వస్తారు. ఇ.సి.జి., రక్తపరీక్షలు, చిన్నప్పటి నుంచీ ఉన్న ఎదుగుదల చార్టు అడగండి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా 911. చచ్చిపోవాలనుంది అంటే 988కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు.

ఇంక మీ ప్రశ్నలు అడగండి. పేరు చెప్పనక్కరలేదు.